బరంపురం నుంచి మంగళాజోడి: గెడ పడవలో పక్షుల్ని చూసి రావడం ఎలా?

ఒడిశాలోని చిలికా సరస్సు అనగానే మన బరంపురం వాళ్లకి దాని ఒడ్డునున్న రంభ ఊరే గుర్తొస్తుంది. దగ్గర కదా! కానీ పక్షుల కోసమే వెళ్లేవాళ్లు ఇంకాస్త ఓపిక చేసుకుని, గంజాం జిల్లా దాటి ఖుర్దా జిల్లాలో అదే సరస్సు ఒడ్డునున్న మంగళాజోడి దాకా వెళ్లాలి. అక్కడ పడవలు నడిపేది ఆ ఊరివాళ్లే.

ముందు నెల చూసుకోండి. డిసెంబరు, జనవరి అయితే దిగుల్లేదు. మార్చి దాటాక వలస పక్షులు చాలామటుకు వెళ్లిపోతాయి. డాల్ఫిన్లు చూడాలనుకుంటే మాత్రం ఇటు రావద్దు, వాటికి పూరీ వైపు సాతపడా వెళ్లాలి.

కారులో అయితే 16వ నంబరు జాతీయ రహదారి మీద బాలుగావ్ దాటి టాంగి దగ్గర కుడివైపు తిరగాలి. రైల్లో అయితే బాలుగావ్‌లో దిగి ఆటో మాట్లాడుకోండి. పొద్దుపొడుపు వేళకే పడవలో ఉండాలి కాబట్టి ముందురోజు సాయంత్రమే ఊరు చేరడం మేలు. పడవ, గైడు ఇద్దరికీ కలిపి ఎంతో, ఎంతసేపో, బైనాక్యులర్ ఇస్తారో లేదో ముందే ఫోనులో తేల్చుకోండి. రేవులో బేరాలు పెట్టుకుంటే మంచి వెలుగు కాస్తా పోతుంది.

ఇక పడవ. ఇంజను ఉండదు, గెడకర్రతో నేలను తోస్తూ నడుపుతారు. నీళ్లు లోతు తక్కువ, చుట్టూ రెల్లు, తుంగ. చప్పుడు లేకపోవడం వల్లే పక్షులు బెదరవు. ఒకరి తర్వాత ఒకరు ఎక్కి మధ్యలో కూర్చోండి, ఫొటో కోసం లేచి నిలబడకండి. ఎర్రచొక్కాలు, సెంటు ఇంట్లోనే ఉంచి రండి.

నా మటుకు ఈ ప్రయాణంలో అసలు విశేషం పడవవాడి చూపు. ఈ ఊళ్లో ఒకప్పుడు పక్షుల్ని వేటాడి అమ్మేవాళ్లు. 2000లో మహావీర్ పక్షి సురక్షా సమితి ఏర్పడ్డాక వేటగాళ్లే కాపలాదారులయ్యారు. ఏ గుంపు ఏ మడుగులో మేస్తుందో, ఎంత దగ్గరికి వెళ్తే లేస్తుందో వాళ్లకి తెలిసినట్టు పుస్తకాలకి తెలియదు. అందుకే “అటు పోనీ, ఇటు పోనీ” అనకుండా దారి వాళ్లకే వదిలేయండి. బురదలో ముక్కు గుచ్చి పురుగుల్ని లాగే నల్లతోక గాడ్విట్‌లు, సూదితోక బాతులు, తామరాకుల మీద నడిచే జకానాలు వాళ్లే చూపిస్తారు. పేరు అర్థం కాకపోతే “భాయి, ఇంకోసారి” అనండి, విసుక్కోరు.

ఒక్కటి మాత్రం అడగొద్దు: గుంపును లేపమని. వేల మైళ్లు ఎగిరొచ్చిన పక్షులవి. తిరుగు ప్రయాణానికి ఒంట్లో కొవ్వు కూడబెట్టుకునేది ఇక్కడే, మన వీడియో కోసం లేపిన ప్రతిసారీ అది కొంత ఖర్చవుతుంది.

ఓపికుంటే మధ్యాహ్నం మూడు దాటాక రెండో విడత వెళ్లొచ్చు. అప్పుడు ఎండ మీ వీపు వైపు ఉండేలా పడవ తిప్పమనండి, రెక్కల రంగులు బాగా తెలుస్తాయి.