ప్రోస్టేట్ క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత అంగస్తంభన తిరిగి తెచ్చుకోవడం ఎలా?

విశాఖలో యూరాలజీ వార్డుల్లో బ్రదర్‌గా నాకు ఇరవై రెండేళ్ల సర్వీసు. ప్రోస్టేట్ తీయించుకుని ఇంటికెళ్లేవాళ్లకు మూత్రం గొట్టం ఎలా చూసుకోవాలో, డైపర్ ఎప్పుడు మార్చాలో చెప్పి పంపిస్తాం. అసలు సంగతి అడగడానికి వాళ్లకు సిగ్గు, చెప్పడానికి మా వాళ్లకు తీరిక ఉండదు. ఆర్నెల్ల తర్వాత మళ్లీ వస్తారు. భార్యను బయట బెంచీ మీద కూర్చోబెట్టి, తలుపు దగ్గరగా వేసి, "బ్రదర్ గారూ, ఇక అంతేనా?" అంటారు. అంతే కాదు మాస్టారూ. కానీ ఆ ఆర్నెల్లూ ఉత్తినే పోయాయి.

లోపల జరిగింది ఇదీ. అంగస్తంభనను నడిపే నరాలు ప్రోస్టేట్‌కు రెండు పక్కలా అంటుకుని వెళ్తాయి. 1982లో అమెరికాలో పాట్రిక్ వాల్ష్ అనే సర్జన్ ఆ నరాలను కాపాడుతూ గ్రంథిని తీసే పద్ధతి మొదలుపెట్టారు. నరాలు తెగకపోయినా, పక్కకు లాగినందుకే అవి చాలాకాలం మొద్దుబారిపోతాయి. తేరుకోవడానికి ఏడాదిన్నర, రెండేళ్లు కూడా పట్టవచ్చు. ఈలోగా నిద్రలో మామూలుగా వచ్చే స్తంభనలు ఆగిపోతాయి. రక్తం సరిగా అందక అంగం లోపలి కండ బిరుసెక్కుతుంది, పొడవు కూడా తగ్గుతుంది. కాబట్టి నరాలు లేచేదాకా కండను కాపాడుకోవాలి.

మీ ఆపరేషన్‌లో నరాలు రెండు వైపులా ఉంచారా, ఒక వైపేనా, రెండూ తీసేశారా అన్నది సర్జన్‌ని అడిగి కాగితం మీద రాయించుకోండి. రెండూ తీసేస్తే మాత్రలతో ఫలితం దాదాపు ఉండదు. అది తెలియక నెలల తరబడి మాత్రలకు డబ్బులు పోసేవాళ్లున్నారు.

మొదటి మెట్లు తేలికే. గొట్టం తీసేదాకా ఏ కసరత్తూ వద్దు. తీశాక, మూత్రాన్ని మధ్యలో ఆపుతున్నట్టు కింది కండరాన్ని ఐదు సెకన్లు బిగించి, ఐదు సెకన్లు వదలండి. పదిసార్లు, రోజుకు మూడు పూటలు. ఇది ముఖ్యంగా మూత్రం కారకుండా ఉండడానికి. డాక్టరు సరే అన్నాక పొద్దున్నే బీచ్ రోడ్డులో నడవండి. షుగర్ అదుపులో ఉండాలి. సిగరెట్ మానకపోతే నా దగ్గరికి రావద్దు.

తర్వాత మాత్ర. సిల్డెనాఫిల్ గానీ టడలాఫిల్ గానీ డాక్టరు రాస్తేనే వాడాలి. గుండె నొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ లాంటి మందులు వాడేవాళ్లు ఇవి ముట్టుకోకూడదు. రెండూ కలిస్తే బీపీ పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. సిల్డెనాఫిల్ ఖాళీ కడుపుతో గంట ముందు వేసుకోవాలి. రాత్రి బిర్యానీ తిని, మాత్ర వేసుకుని, టీవీ చూస్తూ కూర్చుని "పనిచేయలేదు" అంటే మాత్ర తప్పు కాదు. కోరిక, స్పర్శ లేకుండా అది పనిచేయదు. ఐదారుసార్లు సరిగ్గా వాడి చూశాకే తీర్పు చెప్పండి.

ఇక్కడో మాట. గోడల మీద "రహస్య చికిత్స" పోస్టర్లు చూసి లాడ్జి గదుల్లో కూర్చునే వైద్యుల దగ్గరికి పోకండి. "పూర్తిగా మూలికలే" అని అమ్మే ఇలాంటి గుళికల్లో సిల్డెనాఫిల్‌నే దొంగచాటుగా కలిపినట్టు చాలాసార్లు పరీక్షల్లో బయటపడింది. అందులో ఎంత ఉందో తెలియదు, మీ గుండె మాత్ర సంగతి ఆ లాడ్జి వైద్యుడికి తెలియదు.

ఇక పంపు. అందరూ పాడుచేసేది ఇక్కడే.

వాక్యూమ్ పంపు అంటే అంగం చుట్టూ గాలి లాగేసి అందులోకి రక్తం రప్పించే సాధనం. ఒక ప్లాస్టిక్ గొట్టం, గాలి లాగే పిడి, కొన్ని రబ్బరు రింగులు. ఒత్తిడి మితిమీరకుండా ఆపే వాల్వు ఉన్నదే కొనాలి. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే బొమ్మ పంపులకు అది ఉండదు. బ్యాటరీది వద్దు, చేత్తో లాగేదే కొనండి. చేతికి తెలిసినంతగా మోటారుకు తెలియదు. సాధారణంగా ఆపరేషన్ అయిన నాలుగు నుంచి ఆరు వారాలకు, డాక్టరు ఒప్పుకున్నాక మొదలుపెడతాం. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు ముందే చెప్పాలి. సికిల్ సెల్ అనే, వంశంలో వచ్చే రక్తపు జబ్బు ఉన్నవాళ్లూ అంతే. ఆ జబ్బు కనిపించే మన అరకు, పాడేరు వైపు నుంచి వచ్చేవాళ్లను నేను ఈ మాట తప్పకుండా అడుగుతాను.

గోరువెచ్చని నీళ్లతో స్నానం చేసి, అంగం మొదలు దగ్గరి వెంట్రుకలు కత్తిరించుకోండి. నీటితో కడిగితే పోయే మామూలు జెల్లీని అంగానికీ గొట్టం అంచుకూ రాయండి. కొబ్బరినూనె రబ్బరును పాడుచేస్తుంది. దానికన్నా పెద్ద పొరపాటు, ఆసుపత్రిలో మూత్రం గొట్టం వేసినప్పుడు మిగిలిన జెల్లీ వాడడం. అందులో మత్తుమందు ఉంటుంది. నొప్పే మీకు ఉన్న హెచ్చరిక, దాన్ని చంపేసుకుని పంపు లాగితే కమిలిందని కళ్లతో చూసేదాకా తెలియదు.

గొట్టాన్ని పొత్తికడుపు కింది ఎముకకు ఆనించి, గాలి పోకుండా నొక్కిపట్టండి. రెండుసార్లు లాగి ఆగండి. మనసులో ఇరవై లెక్కపెట్టండి. మళ్లీ రెండుసార్లు. ఆగడమే అసలు పని, రక్తం ఆ ఆగినప్పుడే వస్తుంది. బోరింగు కొట్టినట్టు కొడితే రక్తం కన్నా ముందు చర్మం ఉబ్బుతుంది, ఎర్రటి చుక్కలు తేలతాయి. వృషణాల చర్మం లోపలికి లాక్కుంటే వాల్వు వదిలి మొదటినుంచి మొదలుపెట్టండి. నిండాక ఒకటి రెండు నిమిషాలు ఉంచి, వదిలి, మళ్లీ నింపండి. మొత్తం పది నిమిషాలు, రోజూ. ఈ కసరత్తులో రింగు వాడకూడదు.

రింగు కలయిక కోసమే. ముందే రింగును గొట్టం మీదికి ఎక్కించుకుని, అంగం నిండాక దాన్ని అంగం మొదలు దగ్గరికి జార్చి, గాలి వదిలి, గొట్టం తీయాలి. పెద్ద రింగుతో మొదలుపెట్టండి, నిలవకపోతేనే చిన్నది. అంగం కాస్త చల్లగా, నీలంగా ఉంటుంది, మొదలు దగ్గర ఊగుతున్నట్టు ఉంటుంది. కంగారొద్దు. కానీ ముప్పై నిమిషాలు దాటకూడదు. ఫోన్‌లో ఇరవై ఐదు నిమిషాలకు అలారం పెట్టండి. గాజువాక నుంచి వచ్చే ఒక పెద్దాయన రింగుతోనే నిద్రపోయి, తెల్లవారుజామున నాకు ఫోన్ చేశారు. వాపుకు రింగు కనపడటం లేదట! క్యాజువాలిటీలో కత్తిరించి తీశారు. ఏ హానీ జరగలేదు గానీ, ఆయన ఇప్పటికీ నన్ను చూస్తే తల దించుకుంటారు. రింగు తీసేటప్పుడు దాని రెండు పక్కల కొసలు పట్టుకుని సాగదీసి జార్చాలి.

భార్యను బయట బెంచీ మీద కాదు, పక్కన కూర్చోబెట్టండి. చాలా ఇళ్లలో రింగు జారిస్తే సరిగ్గా కూర్చునేది ఆవిడ చేత్తోనే. ఆవిడకూ వయసు వల్ల పొడిదనం ఉంటుంది, జెల్లీ ఇద్దరికీ కావాలి. వీర్యం ఇక రాదు, దాన్ని తయారుచేసే భాగాలే తీసేశారు. సుఖం తెలిసే నరాలు వేరు, కాబట్టి ఆ అనుభూతి ఉంటుంది, అంగం లేవకపోయినా సరే. ఆ క్షణంలో మూత్రం చుక్కలు రావచ్చు. ముందే బాత్రూమ్‌కి వెళ్లిరండి.

పంపూ మాత్రా రెండూ చాలకపోతే అంగంలోకి ఇచ్చే ఇంజెక్షన్ ఉంది. మోతాదు మొదటిసారి డాక్టరు ఎదుటే తేల్చుకోవాలి. గట్టిదనం నాలుగు గంటలు దాటితే అర్ధరాత్రయినా క్యాజువాలిటీకి వెళ్లండి, తెల్లారేదాకా ఆగితే కండ దెబ్బతింటుంది. అదీ కుదరకపోతే అంగం లోపల కృత్రిమ కడ్డీలు అమర్చే ఇంప్లాంట్ ఆపరేషన్ ఉంటుంది.

వాడిన ప్రతిసారీ గొట్టాన్ని సబ్బునీళ్లతో కడిగి పొడిగుడ్డతో తుడవండి. మన సముద్రపు గాలికి తడి తొందరగా ఆరదు, తడిగా మూస్తే వాసనొస్తుంది. దాచేది బీరువాలో, తాళం వేసి. ఒక ఇంట్లో మనవడు దాన్ని సైకిల్ పంపనుకుని వీధిలోకి తెచ్చేశాడు.