35 దాటాక గర్భం వస్తే క్రోమోజోమ్ పరీక్షలు ఎప్పుడు, ఎలా చేయించుకోవాలి

ముందుగా కాన్పు నాటికి తల్లికి ఎన్నేళ్లు నిండుతాయో నిజమైన పుట్టిన తేదీతో లెక్క వేయండి. ఆధార్‌లో తేదీ తప్పుగా ఉంటే ఆ సంగతి ల్యాబ్‌లో తప్పక చెప్పాలి, ఎందుకంటే డబుల్ మార్కర్ (బిడ్డకు క్రోమోజోమ్ లోపం ఉండే అవకాశాన్ని అంచనా వేసే తల్లి రక్తపరీక్ష) రిపోర్టులోని ముప్పు అంకె తల్లి వయసును కలుపుకొని వేసేదే.

వయసుకు అంత ప్రాధాన్యం ఎందుకంటే, ఆడపిల్ల తల్లి కడుపులో ఉన్నప్పుడే ఆమె అండకణాలు తయారై, విభజన సగంలో ఆగి, విడుదలయ్యే నెల వరకు ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి. ఈలోగా, జన్యువులను మోసే పోగుల్లాంటి క్రోమోజోమ్‌లను కలిపి పట్టి ఉంచే కొహెసిన్ అనే ప్రోటీన్ తరిగిపోతూ వస్తుంది. పట్టు సడలితే పంపకం తప్పి, అండంలో 23కు బదులు 22 గానీ 24 గానీ క్రోమోజోమ్‌లు మిగులుతాయి. 21వ క్రోమోజోమ్ అదనంగా చేరితే బిడ్డకు డౌన్ సిండ్రోమ్ (బుద్ధి, శరీర ఎదుగుదల మందగించే స్థితి) వస్తుంది. ఇది 25 ఏళ్ల తల్లులకు సుమారు 1250 కాన్పుల్లో ఒకరికి, 35 ఏళ్లకు 350లో ఒకరికి, 40 ఏళ్లకు 100లో ఒకరికి కనిపిస్తుంది. అంటే నలభైలో కూడా అత్యధికులకు ఈ సమస్య ఉండదు.

మూడో నెల దాటేదాకా కడుపు సంగతి బయటపెట్టకూడదనే పద్ధతి మన శ్రీకాకుళం, విజయనగరం ఇళ్లలో ఇంకా ఉంది. చుట్టాలకు చెప్పకపోయినా ఏఎన్ఎంకు, ఆశా కార్యకర్తకు వెంటనే చెప్పండి. బిడ్డ మెడ వెనక నీటి పొర మందాన్ని కొలిచే ఎన్‌టీ స్కాన్‌ను 11 వారాల నుంచి 13 వారాల 6 రోజుల లోపే చేయాలి. ఆ గడువు దాటితే మళ్లీ రాదు. పలాస, బొబ్బిలి వైపు నుంచి విశాఖ వెళ్లవలసి వస్తే, పదో వారంలోనే తేదీ ఖాయం చేసుకొని, చివరి బహిష్టు తేదీని, పాత స్కాన్ కాగితాలను వెంట తీసుకెళ్లండి.

రిపోర్టులో ‘హై రిస్క్’ అని వస్తే బిడ్డకు లోపం ఉన్నట్టు కాదు, తర్వాతి పరీక్ష అవసరమని అర్థం. పదో వారం నుంచి తల్లి రక్తంతో చేసే ఎన్‌ఐపీటీ మరింత కచ్చితమైనదే అయినా, నిర్ధారణకు 15 వారాల తర్వాత ఉమ్మనీటి పరీక్ష చేయించుకోవాలి. దానివల్ల గర్భస్రావం జరిగే అవకాశం కొద్దిగా ఉంటుంది కనుక డాక్టరును వివరంగా అడిగి, ఆ తర్వాతే సంతకం చేయండి. గర్భంలో లింగ నిర్ధారణను నిషేధించే 1994 నాటి చట్టం 35 దాటిన గర్భిణికి ఇటువంటి పరీక్షలను అనుమతిస్తుంది. లింగం చెప్పడం మాత్రం నేరం.

ఫోలిక్ యాసిడ్ మాత్రలు మానకూడదు, అయితే అవి బిడ్డ వెన్నెముక, మెదడు లోపాలను తగ్గించడానికే. తొలి మూడు నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు సగానికి క్రోమోజోమ్ పొరపాట్లే కారణం. అలా జరిగితే గ్రహణంలో బయటికి వచ్చిందనో, బిందె ఎత్తిందనో ఆ తల్లిని నిందించడం అన్యాయం. ఇంట్లో పెద్దవాళ్లకు ఈ మాట భర్తే చెప్పాలి.