చెరువు ఎండుతుంటే గ్రాఫ్ పైకి పోతోందా? ముందు డీటైప్ చూడండి

వేళచ్చేరిలో మా రూమ్‌లో ఉండే నెల్లూరు తమ్ముడు పైథాన్ కొత్తగా నేర్చుకుంటూ, చెన్నైకి నీళ్లిచ్చే చెరువుల రోజువారీ నిల్వలతో గ్రాఫ్ గీశాడు. మన కండలేరు నీళ్లు కూడా ఇక్కడి పూండి చెరువుకి వచ్చి చేరేవే కదా, అందుకే వాడికి అదంటే ఆసక్తి. 2019 ఎండాకాలంలో చెంబరంబాక్కం దాదాపు ఎండిపోయిన సంగతి ఇక్కడ అందరికీ గుర్తే. వాడి గ్రాఫ్‌లో మాత్రం గీత నిచ్చెన ఎక్కినట్టు పైపైకి పోతోంది, ఎర్రర్ ఒక్కటీ లేదు.

కారణం చిన్నది. ఆ కాలమ్‌లో ఉన్నవి చూడ్డానికి అంకెలే, కంప్యూటర్‌కి మాత్రం అక్షరాలు. పైథాన్‌లో గ్రాఫ్‌లు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్‌కి అక్షరాలు ఇస్తే వాటిని పేర్లుగా తీసుకుని, మొదట కనిపించినదాన్ని అడుగున, ఆ తర్వాత కొత్తగా కనిపించిన ప్రతిదాన్నీ దాని పైన పేర్చుకుంటూ పోతుంది, విలువ ఎంతన్నది చూడనే చూడదు. పట్టికల డేటా చూసుకునే పాండాస్‌లోని ప్లాట్ వాడితే నయం, గీయడానికి అంకెలే లేకపోతే 'నో న్యూమరిక్ డేటా టు ప్లాట్' అని ఆగిపోతుంది. అయితే పక్కన ఇంకేదైనా అంకెల కాలమ్ ఉంటే మీ కాలమ్‌ని చెప్పకుండా వదిలేసి దాన్ని గీసేస్తుంది, అదీ గమనించుకోండి.

కాబట్టి ఫైల్ చదివిన వెంటనే డీటైప్స్, అంటే ఏ కాలమ్‌లో ఏ రకం డేటా ఉందో, చూడండి. ఇంట్ (పూర్ణాంకం) లేదా ఫ్లోట్ (దశాంశ సంఖ్య) ఉండాల్సిన చోట ఆబ్జెక్ట్ అనో స్ట్రింగ్ అనో ఉంటే అక్కడే ఆగాలి. వేల వరుసల్లో ఒక్క డ్యాష్ ఉన్నా చాలు, కాలమ్ మొత్తం అక్షరాలైపోతుంది.

ఇక్కడే చాలామంది అక్షరాలను అంకెలుగా మార్చే 'టు న్యూమరిక్'కి ఎర్రర్స్ దగ్గర 'కోయర్స్' అని ఇచ్చేసి పని అయిపోయిందనుకుంటారు. దయచేసి అలా తొందరపడకండి. చెంబరంబాక్కం పూర్తి సామర్థ్యం 3,645 మిలియన్ ఘనపుటడుగులు, మధ్యలో కామా ఉంది చూశారా, కోయర్స్ ఆ కామాని అర్థం చేసుకోలేక దాన్ని నాన్‌గా, అంటే ఖాళీగా మార్చేస్తుంది. వెయ్యి దాటిన రోజులన్నీ మాయమై, నీళ్లు తక్కువున్న రోజులే మిగులుతాయి, నిండిన చెరువు మీ గ్రాఫ్‌లో ఎప్పటికీ కనిపించదు. ముందు కామాలు తీసేయండి, ఆ తర్వాతే మార్చండి. ఎక్సెల్ నుంచి వచ్చిన కాలమ్‌లో కొన్ని నిజం అంకెలు, కొన్ని అక్షరాలు కలిసి ఉంటాయి, అప్పుడు మొదట అన్నిటినీ స్ట్రింగ్ చేసి, కామా తీసి, మళ్లీ అంకెలు చేయాలి. సీఎస్‌వీ అయితే ఇంకా సులువు, చదివేటప్పుడే 'థౌజండ్స్' దగ్గర కామా, 'ఎన్ఏ వాల్యూస్' దగ్గర డ్యాష్ ఇస్తే సరిపోతుంది.

మార్చాక ఎన్ని నాన్‌లు వచ్చాయో లెక్కపెట్టి, ఆ చోట్ల అసలు ఫైల్‌లో ఏముందో ఒకసారి చూడండి. వాటిని సున్నాతో నింపొద్దు. చెరువు ఎండిపోవడం వేరు, ఆ రోజు కొలత రాయకపోవడం వేరు. నాన్ ఉన్నందుకు 3645 కాస్తా 3645.0 అయితే కంగారు పడకండి, ఇంట్ ఫ్లోట్ అయిందంతే.

తేదీలదీ ఇదే కథ. 03-06-2019 మనకి జూన్ 3, పాండాస్‌కి మామూలుగా మార్చి 6, అందుకని 'టు డేట్‌టైమ్'లో 'డే ఫస్ట్' ట్రూ అని ఇవ్వండి.

పైథాన్ బదులు ఆర్ అనే భాష వాడేవాళ్లకి ఇంకో ప్రమాదం ఉంది. 2020లో వచ్చిన 4.0.0 కన్నా ముందు అక్షరాల కాలమ్‌లు వాటంతట అవే ఫ్యాక్టర్లుగా, అంటే వరుస నంబర్లు వేసిన వర్గాలుగా, మారేవి, పాత కోడ్‌లో ఇప్పటికీ ఇది తగులుతుంది. ఫ్యాక్టర్‌ని నేరుగా 'యాజ్ న్యూమరిక్' చేస్తే విలువ బదులు దాని వరుస నంబర్ వస్తుంది, ముందు 'యాజ్ క్యారెక్టర్' చేసి, కామాలు తీసి, అప్పుడు మార్చాలి.

చివరిగా పాండాస్‌లో ఆ కాలమ్ మీద డిస్క్రైబ్ నడపండి. సగటు, గరిష్ఠం కాకుండా 'యూనిక్', 'టాప్' అని వస్తే అవి ఇంకా అక్షరాలే. గరిష్ఠం 3,645 దాటి ఎక్కడికో పోతే ఏదో దశాంశ చుక్క ఎగిరిపోయిందని అర్థం. ఇవన్నీ చేశాక మా తమ్ముడి గీత 2019 జూన్ దగ్గర అడుగుకి అంటుకుంది, కొలత లేని రోజుల్లో తెగి కనిపించింది.