డిస్మిస్ ఆర్డరు కోర్టులో నిలవాలంటే ఎంక్వైరీ ఎలా నడపాలి

కార్మికుణ్ని క్రమశిక్షణ చర్య కింద తీసేసేటప్పుడు ఏ కాగితం ముందివ్వాలి, ఏది తర్వాతివ్వాలి అన్నది చట్టంలో కన్నా సుప్రీంకోర్టు తీర్పుల్లోనే ఎక్కువ దొరుకుతుంది. తప్పు చేసిన మాట నిజమే అయినా, ఒక మెట్టు దాటేస్తే కేసు చిక్కుల్లో పడుతుంది.

చార్జిషీటులో (ఆరోపణల కాగితంలో) తేదీ, సమయం, చోటు, జరిగిన పని, స్టాండింగ్ ఆర్డర్లు (సంస్థలోని ఉద్యోగ నియమాలు) ఉంటే అందులోని క్లాజు విడివిడిగా రాయాలి. 'దురుసుగా ప్రవర్తించాడు' అంటే చాలదు, ఎవరిని ఏమన్నాడో ఉండాలి. ఆధారపడే పత్రాల నకళ్లు జతచేయాలి. 'నువ్వు దొంగతనం చేశావు, ఎందుకు తీసేయకూడదో చెప్పు' అని అడిగితే ముందే తీర్మానించుకున్నట్టే లెక్క.

సస్పెండ్ చేస్తే భృతి (ఆ కాలంలో బతకడానికిచ్చే డబ్బు) ఆపకూడదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం మొదటి 90 రోజులూ జీతంలో 50 శాతం, ఆ తర్వాత ఆలస్యం కార్మికుడి వల్ల కాకపోతే 75 శాతం. భృతి ఇవ్వకపోవడంతో విచారణకు రాలేకపోయిన మనిషి మీద ఏకపక్షంగా నడిపిన ఎంక్వైరీ చెల్లదని పాల్ ఆంటోనీ కేసులో (1999) కోర్టు తేల్చింది.

ఫిర్యాదు చేసినవాళ్లు, సాక్షులు ఎంక్వైరీ ఆఫీసరుగా కూర్చోకూడదు. ముందు యాజమాన్యం సాక్షులు, వెంటనే కార్మికుడు వాళ్లను ప్రశ్నించే క్రాస్ ఎగ్జామినేషన్, ఆపైన అతని సాక్షులు. ప్రతి పేజీ మీద అందరి సంతకాలూ అదే రోజు తీసుకోవాలి. ఫిర్యాదు కాగితం ఫైల్లో ఉన్నంత మాత్రాన రుజువు కాదు, రాసినవాళ్లు వచ్చి చెప్పాలి. నోటీసు అందీ కార్మికుడు రాకపోతే పోస్టల్ రసీదు ఫైలు చేసి, అప్పుడు కూడా సాక్షుల వాంగ్మూలం రాసుకోవాలి. చాలామంది ఇది వదిలేస్తారు.

అసలు చిక్కు ఎంక్వైరీ ఆఫీసరు రిపోర్టు వచ్చాక మొదలవుతుంది. హైదరాబాద్ ఈసీఐఎల్ వర్సెస్ కరుణాకర్ కేసులో (1993) రాజ్యాంగ ధర్మాసనం చెప్పిందిదీ: శిక్ష నిర్ణయించే అధికారి వేరే ఉంటే, నిర్ణయానికి ముందే రిపోర్టు నకలు ఉద్యోగికిచ్చి జవాబు తీసుకోవాలి. ప్రైవేటు సంస్థలకూ ఇది వర్తిస్తుంది. అయితే నకలు ఇవ్వలేదన్న ఒక్క కారణంతో ఉద్యోగం తిరిగి రాదు, దానివల్ల తనకేం నష్టం జరిగిందో కార్మికుడు చూపాలి. కాబట్టి కార్మికుడు పిటిషన్లో 'రిపోర్టు ఇవ్వలేదు' అని ఆపేయకుండా, ఇచ్చి ఉంటే ఏ సాక్ష్యాన్ని ఎలా ఖండించేవాడో రాయాలి. నష్టం రుజువైనా కోర్టు సాధారణంగా ఆ దశ నుంచి మళ్లీ నడపమంటుంది. ఎంక్వైరీ ఆఫీసరు 'రుజువు కాలేదు' అన్నా యాజమాన్యం ఒప్పుకోకపోతే, కారణాలు రాసిచ్చి జవాబు వినాలి (కుంజ్ బిహారీ మిశ్రా, 1998).

'ఎనిమిది రోజులు రాలేదు, తానే మానేశాడు' అని రిజిస్టర్లో పేరు కొట్టేయడం మామూలు తప్పు. స్టాండింగ్ ఆర్డర్లో ఆ నిబంధన ఉన్నా సరే, విచారణ లేకుండా తీసేయకూడదని డీకే యాదవ్ కేసు (1993) చెప్పింది. పనికి దూరంగా ఉన్న కాలపు జీతంలో సగం ఇచ్చి ఆ కార్మికుణ్ని తిరిగి చేర్చుకోమంది.

కేసు పడ్డాక రెండు వైపులా ఒక్కో వాక్యం మరిచిపోకూడదు. 'ఎంక్వైరీ చెల్లదని తేలితే ఇక్కడే సాక్ష్యాలు చూపే అవకాశమివ్వండి' అని యాజమాన్యం కౌంటర్లోనే (రాతపూర్వక జవాబులోనే) కోరాలి (లక్ష్మీదేవమ్మ, 2001). తీసేశాక తనకు వేరే సంపాదన లేదని కార్మికుడు క్లెయిమ్‌లో (తన దావా కాగితంలో) రాయాలి. అలా రాస్తే, సంపాదన ఉందని చూపే భారం యాజమాన్యం మీద పడుతుంది (దీపాలీ గుండు సుర్వసే, 2013).

లేబర్ ఆఫీసులో కన్సిలియేషన్‌కు (రాజీ ప్రయత్నానికి) అర్జీ పెట్టి 45 రోజులు గడిస్తే నేరుగా ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. పాత చట్టంలో మూడేళ్ల గడువుండేది, కోడ్‌లో తీసేసిన తేదీ నుంచి రెండేళ్లే.