ఐపీవో వీడియో చూసే ముందు ఇవి చూసుకోండి

మొన్న మా బాబాయ్ వాట్సాప్‌లో ఒక ఐపీవో (కంపెనీ తొలిసారి జనానికి షేర్లు అమ్మడం) వీడియో పంపి "అప్లై చేసేయనా?" అని అడిగారు. మొత్తం చూశాను. రిస్కుల గురించి ఒక్క ముక్క లేదు, గ్రే మార్కెట్ ప్రీమియం (లిస్టింగ్‌కి ముందే అనధికారికంగా పలికే అదనపు ధర) ఎంతుందో మాత్రం మూడుసార్లు చెప్పారు. అసలు అది కంపెనీ పెట్టిన వీడియోనే కాదు.

మెయిన్ బోర్డు (చిన్న కంపెనీల ఎస్ఎంఈ విభాగం కాని ప్రధాన విభాగం) ఐపీవోకి వచ్చే కంపెనీలు ఆఫర్ డాక్యుమెంట్‌లోని (ఇష్యూ వివరాలన్నీ ఉండే పత్రం) ముఖ్య విషయాలతో సుమారు 10 నిమిషాల వీడియో పెట్టాలని స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 మేలో చెప్పింది, ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి దాఖలయ్యే డ్రాఫ్టు ఆఫర్ డాక్యుమెంట్లకు తప్పనిసరి చేసింది. అందులో ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, ప్రచారం చేసుకోకూడదు. ఇన్‌ఫ్లుయెన్సర్లు నెట్‌లో చెప్పేదాన్ని నమ్ముకోవద్దన్న హెచ్చరిక కూడా వీడియోలోనే ఉండాలి.

కాబట్టి ఫార్వర్డ్ వచ్చిన లింకు నొక్కకుండా స్టాక్ ఎక్స్ఛేంజీ సైటుకో, ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకర్ల సంఘం ఏఐబీఐ సైటుకో మీరే వెళ్లి వీడియో తెరవండి. పక్కనే ఆర్‌హెచ్‌పీ (ఇష్యూ తెరవడానికి ముందు వచ్చే ఆఫర్ డాక్యుమెంట్, రెడ్ హెర్రింగ్ ప్రాస్పెక్టస్) పీడీఎఫ్ కూడా తెరిచి పెట్టుకోండి, ఎందుకంటే వందల పేజీలు పది నిమిషాల్లో పట్టవు, వీడియో చూస్తే ఎక్కడ చదవాలో తెలుస్తుంది, అంతే.

'ఆబ్జెక్ట్స్ ఆఫ్ ది ఆఫర్' (వచ్చే డబ్బు దేనికి వాడతారో చెప్పే భాగం) రాగానే ఆపండి. నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైన చోటు ఇదే. 1,000 కోట్ల ఇష్యూలో 800 కోట్లు ఆఫర్ ఫర్ సేల్ అనుకోండి, ఆ 800 కోట్లు షేర్లు అమ్ముకునే పాత వాటాదారులకు పోతాయి, కంపెనీకి వచ్చేది 200 కోట్లే, అందులోంచి ఇష్యూ ఖర్చులు కూడా పోవాలి. మిగిలినదాన్ని అప్పు తీర్చడానికి వాడతారా, కొత్త ప్లాంటు పెడతారా అన్నది పీడీఎఫ్‌లో చూడండి.

తర్వాత రిస్క్ ఫ్యాక్టర్స్. వీడియోలో కొన్నే చెప్తారు, పీడీఎఫ్‌లో అన్నీ ఉంటాయి. ఆదాయంలో ఎక్కువ భాగం ఒకరిద్దరు కస్టమర్ల మీదే ఆధారపడిందా, ప్రమోటర్ల మీద కేసులున్నాయా, ఈ రెండూ వెతక్కుండా వదలొద్దు.

మీకు కనిపించింది ఐపీవో యాడ్ అయితే ఇంకో గుర్తు ఉంది. ఇష్యూ ప్రకటనల్లో సెలబ్రిటీలు, మోడళ్లు కనిపించకూడదు, నినాదాలు ఉండకూడదు, ఇష్యూ తెరిచి ఉండగానే ఓవర్‌సబ్‌స్క్రైబ్ అయిందని (ఉన్న షేర్ల కంటే ఎక్కువ షేర్లకు దరఖాస్తులు వచ్చాయని) చెప్పకూడదు. ఇలాంటివి కనిపిస్తే అక్కడే అనుమానించండి.

నాకు బాధ కలిగించేది భాష. సెబీ తప్పనిసరి చేసింది ఇంగ్లిష్, హిందీలే, అందుకే మనవాళ్లు తెలుగులో ఎవరేం చెప్పినా వినేస్తున్నారు. ఇంట్లో పెద్దవాళ్లుంటే పక్కన కూర్చుని, ఆపి ఆపి తెలుగులో చెప్పండి. బాబాయ్‌కి అలాగే ఇంకో ఐపీవో అధికారిక వీడియో చూపించాను. ఆఫర్ ఫర్ సేల్ అంకె దగ్గర ఆపగానే "అయితే ఈ డబ్బు కంపెనీకి రాదా?" అని అడిగి, పీడీఎఫ్ తన ఫోన్‌కి పంపమన్నారు.