ట్రెయిలర్ వెనక సైకిళ్లు ఊగుతున్నాయా? స్ట్రాపులు తర్వాత, మొదట వెనక బంపర్ చూడండి

ట్రావెల్ ట్రెయిలర్‌కు, అంటే కారు వెనక లాక్కెళ్లే చక్రాల ఇంటికి, సైకిళ్లు కట్టుకుని తిరిగేవాళ్లు నన్ను అడిగేది దాదాపు ఒకటే ప్రశ్న: "ర్యాక్ ఊగుతోంది, ఏం కొనాలి?" ఏమీ కొనక్కర్లేదు, ముందు కిందికి వంగి చూడాలి. ఆ ఒక్కటి తప్ప అన్నీ చేస్తారు. స్ట్రాపులు మారుస్తారు, తాళ్లు చుడతారు, చివరికి ర్యాకే మార్చేస్తారు. ర్యాక్ బిగించడం, చక్రాన్ని ట్రేలో కూర్చోబెట్టడం మీకు వచ్చనే అనుకుని మిగతాది చెబుతున్నాను.

ఇంకో మాట. కారు వెనక ఏళ్ల తరబడి బుద్ధిగా ఉన్న ర్యాక్ ట్రెయిలర్ వెనక్కి రాగానే గోల మొదలుపెడుతుంది. ట్రెయిలర్ తోక ఇరుసుకు చాలా దూరంలో ఉంటుంది కాబట్టి చక్రం చిన్న గుంతలో దిగినా తోక ఎగిరెగిరి పడుతుంది. అందుకే చాలా ర్యాకుల మాన్యువల్‌లో "ట్రెయిలర్ వెనక వాడకూడదు" అని రాసే ఉంటుంది. మీ మాన్యువల్‌లో ఆ వాక్యం ఉంటే ఇక్కడితో ఆపేసి, ట్రెయిలర్‌కు పనికొస్తుందని రాసి ఉన్న ర్యాక్ తీసుకోండి. ఆ ర్యాక్‌తో ఏ చిట్కా పనిచేయదు.

సైకిల్ కదులుతోంది, ర్యాక్ మాత్రం కదలడం లేదు

పదిసార్లలో ఆరేడుసార్లు టైర్లో గాలి తక్కువై ఉంటుంది. నవ్వకండి. ట్రేలో నిలబెట్టే ర్యాకుల్లో సైకిల్‌ను పట్టుకునేది టైరు మీద నొక్కే ర్యాక్ చెయ్యి. టైరు మెత్తగా ఉంటే కుదుపుకు అది అణుగుతుంది, చెయ్యి వదులవుతుంది. గాలి కొట్టాకే చెయ్యి బిగించండి. ఆ చెయ్యి టైరు మీదే ఆనాలి, మడ్‌గార్డ్ మీద కాదు, ఫ్రేమ్‌కు ఒరుసుకోకూడదు. చక్రాల స్ట్రాపులు ఎండకు బిరుసెక్కుతాయి. వంచితే సన్నటి పగుళ్లు కనిపిస్తే మార్చేయండి. బయల్దేరిన 20 కిలోమీటర్లకు ఒకసారి ఆగి మళ్లీ బిగించండి.

ఫ్రేమ్ పట్టుకుని వేలాడదీసే ర్యాక్ అయితే ట్రెయిలర్ వెనక దాన్ని మర్చిపోండి. సైకిళ్లు ఎగిరి పడుతూ ఒకదాన్నొకటి తన్నుకుంటాయి.

ర్యాక్ మొత్తం ఊగుతోంది

నాకు వాత పడింది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

నా మొదటి ట్రెయిలర్‌కు వెనక బంపర్ మీద క్లాంపులతో బిగించే రిసీవర్ (ర్యాక్ గొట్టం దూరే చదరపు గూడు) పెట్టుకున్నాను. రెండు సైకిళ్లు, ర్యాక్ కలిపి 50 కిలోలు. రెండో ట్రిప్‌లోనే వెనక కెమెరాలో సైకిళ్లు తలలూపుతూ కనిపించాయి. రిసీవర్‌కూ ర్యాక్ గొట్టానికీ మధ్య సందు ఉంది కదా, అదే కారణం అనుకుని ఊపు ఆపే బోల్టు కొని బిగించాను. చేత్తో పక్కకు లాగి చూస్తే రాయిలా ఉంది. టెన్షన్ తీరిందనుకుని బయల్దేరాను. దారిలో పెట్రోల్ కోసం ఆగి దిగితే బంపర్ ఎడమ కొన రెండు వేళ్ల మందం కిందికి జారి ఉంది. వెల్డింగ్ సగానికి పైగా చీలిపోయింది. సైకిళ్లు రోడ్డు మీద పడకపోవడం నా తెలివి కాదు, అదృష్టం.

నేను చేసిన తప్పు రెండు రకాలు. ఒకటి, పక్కకు లాగి చూశాను. పక్కకు లాగితే బంపర్ గట్టిగానే ఉంటుంది, దాని బలహీనత మెలికలో ఉంది. రెండు, బోల్టు వేయడంతో గడగడ చప్పుడు ఆగిపోయింది. అప్పటిదాకా నన్ను హెచ్చరిస్తున్నది ఆ చప్పుడొక్కటే, దాని నోరు నేనే నొక్కేశాను.

చాలా ట్రావెల్ ట్రెయిలర్లకు వెనక కనిపించే బంపర్ 4 అంగుళాల చదరపు గొట్టం. చూడ్డానికి లావుగా ఉన్నా రేకు మందం సుమారు 2 మిల్లీమీటర్లే. మురుగునీటి పైపును లోపల దాచుకోవడానికే దాన్ని ఎక్కువగా వాడతారు. ఛాసీ దూలాల చివర వెల్డింగ్‌తో అతికించి ఉంటుంది. ర్యాక్ బరువు దాన్ని కిందికి లాగడంతో ఊరుకోదు, మెలిపెడుతుంది. బంపర్‌కు 60 సెంటీమీటర్ల వెనక 50 కిలోలు వేలాడుతున్నాయంటే, మొండి నట్టును తిప్పడానికి స్పానర్‌కు పొడుగు పైపు తొడిగి నొక్కుతున్నట్టే. అది కూడా ఒక్కసారి కాదు, దారిలో ప్రతి గుంతకూ. తీగను అటూ ఇటూ వంచుతూ పోతే ఎక్కడో ఒకచోట తెగుతుంది కదా, వెల్డింగ్ కూడా అంతే. దీనికి తోడు పైపును తడి తడిగా లోపల పెట్టేస్తారు కాబట్టి గొట్టం లోపలినుంచి తుప్పు పడుతుంది. బయట పెయింట్ మాత్రం కొత్తదానిలా మెరుస్తూనే ఉంటుంది.

చూసే పద్ధతి ఇది. ట్రెయిలర్ కారుకు తగిలించే ఉండాలి, చక్రాల కింద అడ్డు చెక్కలు పెట్టాలి. సైకిళ్లు దించేయండి. ఒకరు ర్యాక్ చివరి కొనను కిందికి నొక్కి వదలాలి, మళ్లీ నొక్కి వదలాలి. పక్కలకు వద్దు, పైకీ కిందికీ మాత్రమే. ఇంకొకరు టార్చితో కూర్చుని ఒక్కో అతుకు మీద వేలు ఆనించి చూడాలి. ముందు ర్యాక్ రిసీవర్‌లోకి దూరే చోటు, తర్వాత రిసీవర్ బంపర్‌ను పట్టుకున్న చోటు, చివరగా బంపర్ ఛాసీకి అతుక్కున్న రెండు మూలలు. వేలికి కదలిక ఎక్కడ తెలిస్తే రోగం అక్కడుంది. వెల్డింగ్ పక్కన పెయింట్ మీద వెంట్రుకంత గీత, దాని కింద గోధుమరంగు చార కనిపిస్తే ఇక నొక్కి చూడాల్సిన పని కూడా లేదు. అనుమానం మిగిలితే అతుకుకు అడ్డంగా మార్కర్‌తో గీత గీసి, సైకిళ్లు లేకుండా 50 కిలోమీటర్లు తిరిగి రండి. గీత రెండు ముక్కలైందంటే జారుతోందన్నమాట.

మొదటి అతుకే కదిలితే సంతోషించండి. ఊపు ఆపే బోల్టు, సరైన సైజు పిన్ చాలు. రెండోది కదిలితే క్లాంపు బోల్టులు బిగించవచ్చు, కానీ అది ఇల్లు చేరేదాకా పనికొచ్చే వైద్యం. మూడోది కదిలితే సైకిళ్లు ఇక దాని మీద ఎక్కకూడదు. పగిలిన చోటే మళ్లీ వెల్డింగ్ పెట్టించకండి, పల్చటి రేకు ఆ పక్కనే చీలుతుంది. రెండు ఛాసీ దూలాలకూ కలిపి నేరుగా బిగించే రిసీవర్ వేయించండి, అదీ ఛాసీ పని తెలిసిన వెల్డర్ చేత. పెట్టించేముందు ఛాసీ వెనక అదనపు బరువుకు ట్రెయిలర్ తయారీదారు ఒప్పుకుంటారో లేదో మాన్యువల్‌లో చూడండి. బంపర్‌కూ ఛాసీకీ మధ్య వేసే ఆసరా పట్టీలు దొరుకుతాయి, మంచివే. వెల్డింగ్ తెగినా బంపర్ కింద పడకుండా ఆపుతాయి. గొట్టం మందాన్ని మాత్రం పెంచవు.

సైకిళ్లు పెట్టాక ట్రెయిలరే తోక ఆడిస్తోంది

ఇది లివర్ లెక్క. 2,000 కిలోల ట్రెయిలర్, ముక్కు మీద (కారుకు తగిలించే ముందు కొన మీద) 220 కిలోలు, అంటే 11 శాతం అనుకుందాం. ఇలాంటి ట్రెయిలర్లకు ముక్కు బరువు 10 నుంచి 15 శాతం మధ్య ఉండాలంటారు. ఇప్పుడు ఇరుసుకు 4 మీటర్ల వెనక రెండు బ్యాటరీ సైకిళ్లు, ర్యాక్ కలిపి 70 కిలోలు పెట్టాం. ఇరుసు నుంచి ముందు హిచ్ బాల్ (ట్రెయిలర్‌ను తగిలించే కారు గుండు) 5 మీటర్లు. 70ని 4తో గుణించి 5తో భాగిస్తే 56. ముక్కు మీద అంత బరువు పైకి లేచిపోయి 164 మిగిలింది, ఎనిమిది శాతం కూడా లేదు. నెమ్మదిగా వెళ్తున్నంతసేపు ఏమీ తెలియదు. దిగుడు రోడ్డు మీదో, పక్కనుంచి లారీ దూసుకుపోయినప్పుడో తెలుస్తుంది.

బ్యాటరీలు తీసి కారులో పెట్టండి. వెనకున్న నీళ్ల ట్యాంకు ఖాళీ చేయండి. బరువైన సామాను ఇరుసుకు కాస్త ముందుకు జరపండి. తర్వాత ముక్కు బరువు తూచండి, సైకిళ్లు ఎక్కించాకే తూచాలి. దారిలో ఊపు మొదలైతే యాక్సిలరేటర్ వదిలి, ట్రెయిలర్ బ్రేకును మాత్రం కారులోని కంట్రోలర్‌తో చేత్తో వేయండి. కారు బ్రేకు గట్టిగా తొక్కకండి.

ర్యాక్‌ను ముక్కు మీదే పెట్టుకుంటే ఈ బాధ ఉండదు, కుదుపులూ తక్కువ. కానీ ఆ బరువు దాదాపు అంతా హిచ్ మీదికే వస్తుంది, కారు పరిమితి చూసుకోవాలి. ఖాళీ స్థలంలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి, సైకిల్ హ్యాండిల్ కారు వెనక తలుపుకు తగలడం లేదని రెండు వైపులా చూశాకే రోడ్డెక్కండి.

చిన్నాచితకా

సైకిళ్లు ఒకదాన్నొకటి గీసుకుంటుంటే ఒకటి అటు, ఒకటి ఇటు తిప్పి పెట్టి, పెడల్ తగిలే చోట ఫోమ్ గొట్టం తొడగండి. వెనక లైట్లు, నంబర్ ప్లేటు కనపడకపోతే ర్యాక్‌కు వేరే లైట్ల పట్టీ కట్టాల్సిందే. స్పీడ్ బ్రేకర్ దగ్గర నెమ్మదిగా వెళ్లినా ర్యాక్ నేలకు రాసుకుంటుంటే, ర్యాక్ ఎత్తు పెంచడం తప్ప దారి లేదు. సైకిళ్ల మీద కవర్ కప్పితే గాలికి తెరచాపలా లాగుతుంది, దారిలో తీసేయండి. వెనక నిచ్చెనకు సైకిళ్లు తగిలించడం గురించి అడగకండి, దాని స్క్రూలు గోడలోంచి ఊడొస్తాయి. ర్యాకే విరగడం నేను ఒక్కసారే చూశాను, దాన్ని అంతకుముందు ఎవరో రివర్స్‌లో గోడకు గుద్దారు.