ఉగ్రస్తంభం ఎక్కే ముందు

అహోబిలంలో ఉగ్రస్తంభం అనే రాతి శిఖరం ఎక్కాలనుకుంటే ముందు ఒక టైం ఖాయం చేసుకోండి, వెనక్కి తిరిగే టైం. తెల్లారగానే ఎగువ అహోబిలం నుంచి బయల్దేరండి, పదకొండు అయ్యేసరికి ఎక్కడున్నా, పైన జెండా కనిపిస్తున్నా సరే, దిగడం మొదలుపెట్టాలి. ఈ మాట కిందే అందరూ ఒప్పుకోవాలి, ఎందుకంటే పైన ఆయాసపడుతున్నప్పుడు "ఇంత దూరం వచ్చాం కదా" అన్నవాళ్ల మాటే నెగ్గుతుంది. దారి తెలిసిన స్థానిక గైడు లేకుండా మాత్రం వెళ్లొద్దు.

జ్వాలా నరసింహస్వామి గుడి వైపు భవనాశిని వాగు పక్కన నడిచినంతసేపు కర్ర బాగా పనికొస్తుంది. ఉగ్రస్తంభం వైపు మళ్లాక దారి నిటారుగా మారుతుంది, పైకి వెళ్లేకొద్దీ నీడ తగ్గుతుంది, చివరి రాళ్ల దగ్గర రెండు చేతులూ కావాలి కాబట్టి అక్కడ కర్ర అడ్డమే. రెండు కాళ్లు, రెండు చేతుల్లో ఎప్పుడూ మూడు రాతిని ఆనుకునే ఉండాలి, నాలుగోది మాత్రమే కదలాలి. రాయిని పట్టుకునే ముందు అరచేత్తో ఒకసారి నొక్కి చూడండి, కదిలితే వదిలేయండి. ఫోన్ జేబులోంచి తీయొద్దు, ఫొటో కావాలంటే రెండు కాళ్లూ సమంగా ఆనే చోట కూర్చుని తీసుకోండి.

మనవాళ్లలో చాలామంది ఉపవాసంతో, చెప్పుల్లేకుండా ఎక్కుతారు. మొక్కు ఉంటే కాదనను, కానీ ఏప్రిల్, మే నెలల్లో బండ ఎంత కాలుతుందో ఎక్కేటప్పుడు తెలియదు, దిగేటప్పుడు అరికాలు ఆనించలేక గబగబా అడుగులు వేస్తారు, జారేది అక్కడే. బూట్లు సంచిలో పెట్టుకుని వెళ్లండి. మనిషికి మూడు లీటర్ల నీళ్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు తప్పనిసరి. ఒకసారి మాతో వచ్చిన మా బావమరిది పొద్దున్నుంచి ఏమీ తినకుండా ఎక్కాడు, సగం దారిలోనే పిక్కలు పట్టేశాయి, ఓఆర్ఎస్ కలిపి తాగించి, నీడలో గంటసేపు పడుకోబెట్టి, అక్కణ్నుంచే కిందికి తీసుకొచ్చాం. ఎండలో నడుస్తున్న మనిషి మాట తడబడుతున్నా, అడిగినదానికి పొంతన లేకుండా చెబుతున్నా వడదెబ్బ అనుకోండి. వెంటనే నీడకి చేర్చి ఒళ్లంతా తడపండి, విసరండి, 108కి ఫోన్ చేయండి. సుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు ఉపవాసంతో అస్సలు ఎక్కొద్దు, డాక్టర్‌ని అడిగాకే ప్లాన్ చేసుకోండి.

కోతుల సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. చేతిలో ప్లాస్టిక్ కవర్ కనిపిస్తే లాగేస్తాయి, ఇరుకు చోట మనం ఉలిక్కిపడి వెనక్కి అడుగేస్తే అంతే. తిండి, నీళ్లు అన్నీ వీపు సంచిలోనే ఉండాలి, కోతి దేన్నైనా పట్టుకుంటే వదిలేయండి.

వానాకాలంలో బండ మీద నాచు ఉంటుంది, వాగు పొంగుతుంది, అప్పుడు ఈ కొండ వద్దు. ఎండాకాలం మధ్యాహ్నాలు ఉన్నట్టుండి మబ్బు పడుతుంది. మెరుపుకీ ఉరుముకీ మధ్య ముప్పై సెకన్ల కంటే తక్కువ ఉంటే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉన్నట్టు, వెంటనే శిఖరం దిగాలి, ఒంటరి చెట్టు కింద నిలబడకూడదు. పిడుగుల హెచ్చరికలిచ్చే దామిని యాప్‌ని కొండ కింద సిగ్నల్ ఉన్నప్పుడే చూసుకోండి.

దిగేటప్పుడు నిటారుగా ఉన్న చోట రాతి వైపు తిరిగి, నిచ్చెన దిగినట్టు దిగండి. పైనున్నవాళ్లు కాలితో రాయి దొర్లించే ప్రమాదం ఉంది కాబట్టి ఒకరి కింద ఒకరు వరసగా ఉండొద్దు. ఎన్నింటికి తిరిగొస్తారో రూమ్ దగ్గర ఒకరికి చెప్పి వెళ్లండి, కిందికి రాగానే వచ్చేశామని వాళ్లకి చెప్పండి.